గోడను కూల్చిన చిన్న గీత

మనుష్యుడు వ్రాసినదానిని మనుష్యుడు చదివేటప్పుడు ఒక ఔదార్యం పనిచేస్తూ ఉంటుంది. ఉత్తరంలో ఒక దీర్ఘం లోపించినా, ఒక ఒత్తు జారిపోయినా, చదివేవాడు సందర్భాన్ని బట్టి దానిని మనసులోనే సవరించుకొని ముందుకు సాగిపోతాడు. శుభలేఖలో అచ్చుతప్పు ఉన్నదని పెళ్ళికి వెళ్ళడం మానుకొన్నవారు ఎవరూ లేరు. కంప్యూటరుకు ఈ ఔదార్యం లేదు. దానికి మన ఉద్దేశం తెలియదు; మనం వ్రాసినది మాత్రమే తెలుసు. దాని వ్యాకరణానికి లొంగని ఒక్క అక్షరం కనిపిస్తే చాలు, అక్కడే ఆగిపోతుంది. ఈ మొండితనాన్ని చాలామంది విసుగుతో చూస్తారు. వృత్తిరీత్యా యంత్రాల మధ్య సంబంధాలను సరిచేస్తూ బ్రతికేవాణ్ణి గనుక, దానిని నేను మరొక దృష్టితో చూడడం నేర్చుకొన్నాను. ఆ దృష్టిని విద్యార్థి సోదర సోదరీమణులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా విషయాన్ని కొంత పరిచయం చేయాలి. ‘ఫైర్‌వాల్’ అనే మాట గృహ నిర్మాణం నుండి వచ్చింది. ఒక ఇంట నిప్పంటుకొంటే అది పక్క ఇంటికి పాకకుండా మధ్యలో కట్టే దృఢమైన గోడకు ఆ పేరు. కంప్యూటర్ల లోకంలో నిప్పు పాకడమంటే ఏమిటో 1988 నవంబరు 2న ప్రపంచానికి తెలిసింది. ఆనాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిపెట్టిన ఒక చిన్న ప్రోగ్రాము ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తనంతట తానే ప్రాకి, వేల యంత్రాలను స్తంభింపజేసింది. యంత్రానికీ బయటి లోకానికీ మధ్య ఒక గోడ ఉండాలన్న ఆలోచన ఆ తరువాతనే బలపడింది.

ఈ గోడకు ఇటుకలు లేవు, సున్నం లేదు. ఇది కేవలం కొన్ని వాక్యాల సముదాయం. ప్రతి కంప్యూటరుకు అరవై అయిదు వేలకు పైగా సంఖ్యలు వేసిన ద్వారాలు ఉంటాయని ఊహించుకోండి. వీటిని పోర్టులంటారు. దూరం నుండి యంత్రంలోకి ప్రవేశించి పనిచేయడానికి 22వ ద్వారం, వెబ్ పుటలకు 80, 443 ద్వారాలు, ఫైళ్ళను పంచుకోవడానికి 445వ ద్వారం వాడుకలో ఉన్నాయి. ఏ ద్వారం ఎవరికి తెరవాలి, ఎవరికి మూయాలి అన్న నియమాలను ఒక ఫైలులో వరుసకు ఒకటి చొప్పున వ్రాస్తారు. ఓపెన్ బీఎస్‌డీ అనే వ్యవస్థలో 2001 డిసెంబరు నుండి ‘పీఎఫ్’ అనే సాధనం ఈ పని చేస్తున్నది. లినక్స్ వ్యవస్థలో 2001 జనవరిలో వచ్చిన 2.4 సంపుటితో ‘ఐపీటేబుల్స్’ ప్రవేశించింది. 2014 జనవరిలో 3.13 సంపుటితో ‘ఎన్‌ఎఫ్ టేబుల్స్’ దాని వారసురాలిగా చేరింది. సాధనాలు వేరైనా, నియమాలు వ్రాసేది మనుష్యుడే. అందుచేత తప్పులూ మనుష్య సహజమైనవే.

ఇక నేను చూచిన సంగతి. అహోబిలం మన సీమవారికి క్రొత్త కాదు. 2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలోనూ, ఆనాటి నుండి నంద్యాల జిల్లాలోనూ చేరి ఉన్న ఈ క్షేత్రం, ఆళ్ళగడ్డకు తూర్పున నల్లమల అడవి అంచున ఉన్నది. దిగువ అహోబిలం ఊరు. ఎగువన కొండలలో, గుహలలో, భవనాశి వాగు పరిసరాలలో నవ నారసింహ ఆలయాలు. ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు జరిగే రోజులలో ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. కొన్ని సంవత్సరాల క్రితం ఆ రోజులలోనే, ఆ ప్రాంతంలో యాత్రికులకు గదులిచ్చే ఒక చిన్న వసతి గృహానికి నేను వెళ్ళవలసి వచ్చింది. రసీదులు అచ్చు కావడం లేదని పిలిచారు.

ఆ వసతి గృహంలో ఉన్నది ఒకే ఒక పాత లినక్స్ యంత్రం. బయటి ఇంటర్నెట్టును లోపలి కంప్యూటర్లకు పంచిపెట్టేది అదే. లెక్కలను, యాత్రికుల వివరాలను భద్రపరచేదీ అదే. గదికి వచ్చిన ప్రతివారి పేరు, ఊరు, ఫోను నంబరు, గుర్తింపు కార్డు ప్రతి అందులో ఉన్నాయి. కడప నుండి వచ్చిన ముసలమ్మది, మద్రాసు నుండి వచ్చిన కుటుంబానిది, అందరిదీ. ఆ కాగితాలు ఇచ్చినవారు ఆ యంత్రాన్ని చూడలేదు. నమ్మి ఇచ్చి వెళ్ళారు. గోడ కాపాడవలసినది ఆ నమ్మకాన్ని.

అచ్చు యంత్రం బాగు చేయడం అయిదు నిమిషాల పని. అలవాటు చొప్పున లినక్స్ యంత్రపు దినచర్య ఫైలును తెరిచి చూచాను. దూరం నుండి 22వ ద్వారం గుండా ప్రవేశించడానికి ప్రయత్నించి విఫలమైనవారి వివరాలు అందులో నమోదవుతాయి. సాధారణంగా ఆ పుట ఖాళీగా ఉండాలి. ఎందుకంటే ఆ ద్వారం రెండే రెండు ఎరిగిన చిరునామాలకు తప్ప మూసి ఉండాలి. ఆ రోజు ఆ పుట నిండి పొర్లుతున్నది. కొన్ని సెకన్లకొకసారి, ఏ దేశంలో ఉన్నాయో తెలియని చిరునామాల నుండి, ఒక్కొక్క పేరుతో, ఒక్కొక్క సంకేత పదంతో ఎవరో తలుపు తడుతూనే ఉన్నారు. గోడ ఉన్నచోట ఆ చప్పుడు లోపలికి వినిపించకూడదు. నియమాల పట్టికను చూపమని యంత్రాన్ని అడిగాను. పట్టిక శూన్యం. గోడ లేదు.

రెండు రోజుల క్రితం ఉరుములతో అకాల వర్షం పడి కరెంటు పోయిందని, తిరిగి వచ్చాక యంత్రం మామూలుగానే లేచిందని అక్కడివారు చెప్పారు. అప్పుడు విషయం అర్థమయింది. నియమాల ఫైలులో ఎవరో నెల రోజుల క్రితమే మార్పు చేశారు. కాని అప్పటికి యంత్రపు జ్ఞాపకంలో పాత నియమాలే నడుస్తున్నాయి. ఫైలులోని తప్పు నెల రోజులు నిద్రపోయింది. కరెంటు పోయి యంత్రం తిరిగి లేచినప్పుడు ఆ ఫైలును మొదటిసారిగా చదివింది. తప్పున్న వరుస దగ్గర ఆగిపోయింది. ఐపీటేబుల్స్ ఫైలులో పట్టికలు విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్క పట్టిక చివర ‘కమిట్’ అనే మాట వచ్చినప్పుడు మాత్రమే ఆ పట్టిక మొత్తంగా అమలులోకి వస్తుంది. మధ్యలో తప్పు దొరికితే దానిలో ఒక్క నియమం కూడా అమలు కాదు. ఆ ఫైలులో ఇంటర్నెట్టును పంచిపెట్టే పట్టిక ముందున్నది. అది చక్కగా అమలయింది. కాపలా కాసే పట్టిక తరువాత ఉన్నది. అది పూర్తిగా త్రోసివేయబడింది. నియమం ఏదీ లేకపోతే అందరినీ రానివ్వడమే ఆ వ్యవస్థ సహజ స్వభావం. అందుచేత ఇంటర్నెట్టు నిరాటంకంగా వస్తున్నది, గోడ మాత్రం లేదు. ఏదైనా చెడిపోతే మనకు తెలుస్తుంది. కాపలా చెడిపోతే తెలియదు. తలుపు తీసి ఉన్న ఇంట్లో గాలి బాగానే వీస్తుంది.

మొదట బయటి తీగను ఊడదీశాను. మేనేజరుగారు నిర్ఘాంతపోయారు. “ఏంది సార్ ఇది! నెట్టు బాగానే వస్తా ఉండె గదా. పండగ పూట జనమంతా బయట నిలబడినారు. రూములు బుక్ చేసుకున్నోళ్ళ లిస్టు దాంట్లోనే చూడాల!” అన్నారు. ఆయన మాటలో అన్యాయం లేదు. ఎండలో పిల్లలతో నిలబడినవారికి గోడ సంగతి అక్కర లేదు, గది కావాలి. “అరగంట ఓపిక పట్టండన్నా. వాళ్ళ కాగితాల కోసమే ఇది” అని చెప్పి కూర్చున్నాను.

ఫైలును అమలు చేయకుండా కేవలం చదివి చూడమని అడిగే సౌకర్యం ఈ సాధనాలన్నింటిలోనూ ఉన్నది. ఆ ప్రకారం అడిగితే యంత్రం ఒక్క మాట చెప్పింది: 14వ వరుసలో దోషం. ఆ వరుసను చూశాను. 22వ ద్వారాన్ని ఫలానా చిరునామాకు తెరవమన్న నియమం అది. మాటలన్నీ ఉన్నాయి, వరుసక్రమం సరిగా ఉన్నది, అంకెలు సరిగా ఉన్నాయి. కంటికి ఏ తప్పూ కనిపించదు.

ఇటువంటి వేళలో ఆ వరుసనే పదేపదే చూడడం వ్యర్థం. తెలిసిన వాక్యాన్ని కన్ను చదవదు; మనసు చదువుతుంది. సరైనదని తెలిసిన మరొక వరుసను పక్కన పెట్టి అక్షరానికి అక్షరం పోల్చాలి. అక్కడ లెక్కలు వ్రాయడానికి వచ్చే కుర్రవాడొకడు ఉన్నాడు. ఆళ్ళగడ్డలో డిగ్రీ చదువుతున్నాడు. ఈ విద్య అతనికి తెలియదు. అదే మంచిదయింది. 13వ వరుసను, 14వ వరుసను పెద్ద అక్షరాలలో తెరమీద ఉంచి, అర్థం గురించి ఆలోచించకుండా గుర్తులు మాత్రం ఒక్కొక్కటిగా చదవమన్నాను. సగం దూరం వచ్చి ఆగాడు. “అన్నా, పైన రెండు చిన్న గీతలుండాయి. కింద ఒకటే ఉంది. కొంచెం పొడుగ్గా ఉంది” అన్నాడు.

దోషం దొరికింది. ఐపీటేబుల్స్ భాషలో ద్వారం సంఖ్యకు ముందు వచ్చే మాటకు రెండు చిన్న గీతలు ఉండాలి. ఎవరో ఆ నియమాలను కచేరీ దస్త్రంలో పెట్టడానికని ఉత్తరాలు వ్రాసే సాఫ్టువేరులో టైపు చేశారు. అచ్చు అందంగా ఉండాలన్న సదుద్దేశంతో ఆ సాఫ్టువేరు రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడుగు గీతగా మార్చివేసింది. తరువాత అక్కడి నుండే ఆ వరుసను ఎత్తి ఫైలులో అతికించారు. చిన్న గీతకు యంత్రపు లెక్కలో సంఖ్య 45. పొడుగు గీతకు 8211. మన కంటికి అవి రెండూ గీతలే. యంత్రానికి అవి ‘అ’కూ ‘ఱ’కూ ఉన్నంత దూరం.

రెండు లిపులు కలిసి నడిచే ఈ పత్రిక పాఠకులకు ఇది వింతగా తోచదు. ఉర్దూ లిపిలో ఒక్క చుక్క అక్షరం పైన ఉంటే ‘ఖుదా’. అదే చుక్క క్రిందికి దిగితే ‘జుదా’. మొదటిది భగవంతుడు, రెండవది ఎడబాటు. తెలుగులో ఒక్క దీర్ఘం చేరితే ‘మరణం’ కాస్తా ‘మారణం’ అవుతుంది. చావు హత్యగా మారుతుంది. ఉస్తాదుగారు నుక్తా దగ్గర, తెలుగు పంతులుగారు తలకట్టు దగ్గర ఎందుకంత పట్టుబట్టేవారో, యంత్రాల ముందు కూర్చున్న తరువాత నాకు మరింత బాగా తెలిసింది.

గీతను సరిచేసి మళ్ళీ అడిగితే ఈసారి 19వ వరుసలో దోషమన్నది. క్రొత్తవారు ఇక్కడ నిరుత్సాహపడతారు. కాని ఇది పురోగతి. ఈ సాధనం మొదటి తప్పు దగ్గరనే ఆగుతుంది గనుక, రెండవ తప్పు కనిపించిందంటే మొదటిది పోయిందని అర్థం. అక్కడా అదే పొడుగు గీత. దానినీ మార్చాను. మూడవసారి యంత్రం ఏమీ పలకలేదు. ఈ విద్యలో మౌనమే అంగీకారం. నియమాలను అమలు చేసి, పట్టికను చూపమని అడిగి, ఫైలులోని నియమాలతో లెక్క సరిచూసుకొని, అప్పుడు తీగ తగిలించాను. నా ఫోనులోని ఇంటర్నెట్టుతో బయటివాడి వలె 22వ ద్వారాన్ని తట్టి చూశాను. జవాబు లేదు. అరగంటకు ముందే జనం గదులకు వెళ్ళారు. తరువాత సంకేత పదాలన్నీ మార్పించి, రెండు రోజుల దినచర్యను మొదటి నుండి చివరి వరకు చదివాము. తలుపు తట్టినవారే గాని, లోపలికి వచ్చిన జాడ ఎక్కడా లేదు.

ఆ అనుభవం నుండి, అటువంటి మరికొన్నింటి నుండి నేను గ్రహించిన పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. దోషం ఉన్న వరుస సంఖ్యను యంత్రం చెబుతుంది. కాని అది యంత్రం తొట్రుపడిన చోటు మాత్రమే. కాలికి రాయి తగిలింది అంతకుముందే కావచ్చు. ఎన్‌ఎఫ్ టేబుల్స్ ఫైలులో ఒక కుండలీకరణం తెరిచి మూయడం మరచిపోతే, దోషం ఫైలు చివర ఉన్నదని చెబుతుంది. ఎందుకంటే మూసే గుర్తు కోసం అది చివరి వరకు వెదకుతూనే పోయింది. పీఎఫ్ ఫైలులో ఒక నియమాన్ని రెండు వరుసలుగా వ్రాయడానికి పై వరుస చివర ఒక ఏటవాలు గీత పెడతారు. ఆ గీత తరువాత కంటికి కనిపించని ఒక్క ఖాళీ మిగిలినా వాక్యం తెగిపోతుంది. కనుక చెప్పిన వరుసతో బాటు దాని పైభాగాన్నీ చూడాలి. విండోస్ యంత్రంలో వ్రాసిన ఫైలును లినక్స్‌కు తెస్తే ప్రతి వరుస చివర ఒక అదృశ్యాక్షరం చేరి వస్తుంది. ఇటువంటివాటిని కంటితో వెదకరాదు. దాగిన అక్షరాలను బయటపెట్టి చూపే ఆజ్ఞలు ఉన్నాయి, వాటితోనే చూడాలి. ఎంతకూ దొరకకపోతే ఫైలు ప్రతిలో సగం నియమాలను తాత్కాలికంగా పక్కకు తప్పించి అడగాలి. తప్పు పోతే అది తప్పించిన సగంలో ఉన్నది. పోకపోతే మిగిలినదానిలో ఉన్నది. మళ్ళీ సగం చేయాలి. వెయ్యి వరుసల ఫైలునైనా పది అడుగులలో ఒక్క వరుసకు దించవచ్చు.

రెండు జాగ్రత్తలు మరీ ముఖ్యం. దూరాన ఉన్న యంత్రంలో నియమాలు మార్చేటప్పుడు మన ద్వారాన్ని మనమే మూసుకొనే ప్రమాదం ఉన్నది. ఎగువ అహోబిలంలోని యంత్రానికి కర్నూలు నుండి నియమాలు పంపి తాళం వేసుకొన్నవాడు బస్సెక్కవలసిందే. అందుకే మార్పు తరువాత కొద్ది సెకన్లలోగా మనం సరేనని చెప్పకపోతే పాత నియమాలను తిరిగి నిలబెట్టే ‘ఐపీటేబుల్స్-అప్లై’ వంటి ఏర్పాటును వాడుకోవాలి. రెండవది, యంత్రం లేవగానే, అసలు ఫైలును చదవకముందే, ‘బయటివారెవ్వరినీ రానివ్వకు’ అనే చిన్న నియమాన్ని ముందుగా అమలు చేయించాలి. అప్పుడు అసలు ఫైలులో తప్పు దొర్లినా తలుపు మూసి ఉంటుంది. పని ఆగుతుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, తప్పు ఆనాడే బయటపడుతుంది. ఆ వసతి గృహంలో నేను చివరగా చేసిన పని ఇదే.

ఇంతవరకు చెప్పినది వ్యాకరణ దోషం గురించి. వ్యాకరణం సరిగా ఉండి భావం చెడిన నియమం ఇంతకంటె భయంకరమైనది. అహోబిలంలో నిలబడి దీనికి ఉదాహరణ వెదకనక్కర లేదు. హిరణ్యకశిపుడు స్తంభం చీల్చుకొని వచ్చిన నరసింహుని చేత హతుడైనది ఇక్కడేనని స్థలపురాణం. కొండ మీది ఉగ్రస్తంభాన్ని నేటికీ చూపుతారు. ఆయన కోరిన వరాన్ని ఒకసారి నియమాల ఫైలుగా చదివి చూడండి. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంటి లోపల వద్దు, బయట వద్దు. భూమి మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు. ఒక్క వాక్యంలోనూ వ్యాకరణ దోషం లేదు. ఏ యంత్రమైనా మౌనంగా అంగీకరిస్తుంది. లోపమంతా నిర్మాణంలో ఉన్నది. ఆయన తనకు తోచిన ప్రమాదాలను ఒక్కొక్కటిగా నిషేధించి, తోచనివాటినన్నింటినీ తెరిచి ఉంచాడు. సంధ్యవేళ, గడప, ఒడి, నరమృగ రూపం. ఇవి పట్టికలో లేవు. గోడ కట్టేవాడు దీనికి విపరీతంగా వ్రాయాలి. ముందుగా అన్నింటినీ నిషేధించి, తరువాత అవసరమైనవాటిని మాత్రమే పేరు పేరున అనుమతించాలి. అప్పుడు మనం మరచిపోయినది మూసి ఉంటుంది గాని తెరిచి ఉండదు.

ఈ రెండు విధాల తప్పులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే యంత్రపు మొండితనం విలువ నాకు తెలిసింది. వ్యాకరణ దోషం తన ఉనికిని తానే చాటుకొంటుంది. ఏ వరుసలో ఉన్నదో కూడా చెబుతుంది. చెప్పినప్పుడు వినే మనిషి అక్కడ లేకపోవడమే ఆ వసతి గృహంలో జరిగిన నష్టం. తెర మీద ‘14వ వరుసలో దోషం’ అన్న మాట రెండు రోజుల క్రితమే వచ్చి, ఎవరూ చూడకుండానే పైకి జారిపోయి ఉంటుంది. యంత్రం వ్రాసిన దానిని చదివే అలవాటు మనలో తక్కువ. ఎర్రని అక్షరాలు కనబడగానే కిటికీ మూసివేసి, మళ్ళీ తెరిచి, అదృష్టం పరీక్షించుకొంటాము. ఆ రెండు పంక్తులను నెమ్మదిగా చదివినవాడు సగం మెకానిక్కు అయినట్లే.

ఆ రోజు తప్పు పట్టుకొన్నది నా అనుభవం కాదు, డిగ్రీ చదివే ఒక కుర్రవాని శ్రద్ధ. అతనికి లినక్స్ తెలియదు. కాని ఉన్నదానిని ఉన్నట్లుగా చదవడం తెలుసు. ఆ గుణం ఏ కళాశాలలోనైనా, ఏ భాషా తరగతిలోనైనా అలవడుతుంది. కళాశాల కార్యవర్గం పెద్దలకు ఒక చిన్న విన్నపం. ప్రయోగశాలలో పనికిరావని పక్కన పెట్టిన పాత కంప్యూటర్లు రెండింటిని బయటి తీగ తగిలించకుండా ఒక గదిలో ఉంచి, విద్యార్థులను గోడలు కట్టనివ్వండి, కూల్చనివ్వండి. మన పల్లెలలో సహకార సంఘాలు, ఆసుపత్రులు, బడులు, వసతి గృహాలు నేడు జనం కాగితాలను యంత్రాలలో దాస్తున్నాయి. ఆ యంత్రాలను చూచుకొనేవారు హైదరాబాదు నుండి రారు. ఈ బెంచీల మీది నుండే వెళ్ళాలి.